పొయ్యి ఆరితే కప్పు నిలవదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు వరసగా చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోకండి. కార్డులో "ఫిలిప్పీన్స్ ఆదివాసుల ఇళ్లు" అని వేశారు. అంత సబ్జెక్టు నావల్ల కాదు. మిండనావో దీవిలో మరనావ్ తెగ సుల్తానుల ఇల్లు, తొరొగాన్ అంటారు, అది ఉంది, లావుపాటి స్తంభాలను పాతకుండా రాళ్ల మీద నిలబెడతారు, భూకంపానికి తట్టుకోవాలని. దాని గురించి ఇంకో రోజు చెప్పుకుందాం. ఇవాళ ఇఫుగావ్ అనే ఆదివాసుల ఇల్లు ఒక్కటే చెబుతాను, ఎందుకంటే దాని విషయంలో నాకో కోపం ఉంది.

లుజాన్ దీవి ఉత్తరాన కొండల్లో, వరి మెట్ల పొలాల మధ్య ఉంటాయి ఈ ఇళ్లు. నాలుగు స్తంభాలు, వాటి మీద దూలాలు, పైన ఒకే ఒక్క గది, దాని మీద నలుపక్కలా వాలిన గడ్డి కప్పు. మేకు అన్నది ఉండదు. అంతా గాడి కొట్టి బిగించిందే, కావాలంటే విప్పి ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు. ప్రతి స్తంభానికీ పైభాగాన గుండ్రటి చెక్క తొడుగుతారు, హలిపన్ అంటారు, పాక్కుంటూ వచ్చిన ఎలుక అక్కడ ఆగిపోవాల్సిందే. రాత్రయితే నిచ్చెన పైకి లాగేసుకుంటారు. గదిలో అమ్మానాన్నలు, చిన్నపిల్లలు పడుకుంటారు, ఎదిగిన పిల్లలు మాత్రం అగమాంగ్ అనే వేరే ఇంట్లో పడుకునేవాళ్లు. పగటి బతుకంతా ఇంటి కిందే, నేతా దంపుడూ కబుర్లూ అన్నీ అక్కడే. ఉన్నవాళ్లయితే అక్కడ హగబి కూడా పెట్టుకుంటారు, ఒకే మానులోంచి చెక్కిన పెద్ద బల్ల, అది చేయించాలంటే ఊరికి విందు పెట్టాలి. సరే, పక్కకెళ్లిపోతున్నాను.

లోపల పొయ్యి ఉంటుంది, పొగగొట్టం ఉండదు. వెనక వరస వాళ్లు ఫోన్లు పక్కన పెట్టి ఈ ఒక్కటీ వినండి. అటక మీద వరి కట్టలు పేరుస్తారు. కింద పొయ్యిలోంచి లేచిన పొగ ఆ ధాన్యాన్ని ఆరబెడుతుంది, పురుగు పట్టనివ్వదు, కప్పు గడ్డికి మసి పట్టించి అది తొందరగా కుళ్లకుండా చూస్తుంది. అంటే వంట, గాదె, కప్పు మూడూ ఒకే నిప్పు మీద నడుస్తున్నాయి.

ఇక కోపం సంగతి. బతాద్ అనే ఇఫుగావ్ ఊరికి వెళ్లినప్పుడు, మాతోపాటు కెమెరా పట్టుకొచ్చిన ఒక పెద్దమనిషి, ఓ ముసలావిడ ఇంటి ముందు నీలం ప్లాస్టిక్ డ్రమ్మునీ ఆరేసిన జీన్స్ ప్యాంట్లనీ పక్కకు తీయమన్నాడు, ఫోటో పాడవుతోందట. అంతటితో ఊరుకున్నాడా? పక్కింటి రేకుల కప్పు చూపించి, మీ సంస్కృతిని మీరే పాడు చేసుకుంటున్నారని క్లాసు పీకాడు. గైడ్ ఇబ్బంది పడుతూనే ఆ ముక్క ఆవిడకి చెప్పాడు. ఆవిడ తల కూడా ఎత్తకుండా, "గడ్డి ఇతనొచ్చి కోస్తాడా?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకటే నవ్వు. ఆయనకి మాత్రం అర్థం కాలేదు, ఇంకో ఫోటో తీసుకున్నాడు.

కప్పుకి వేసే కోగన్ అనే గడ్డి కోయాలి, మోయాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ నేయాలి, అదంతా పదిమంది చేయి వేస్తే అయ్యే పని. కుర్రాళ్లు బగియోకో మనీలాకో పోతుంటే చేతులెక్కడివి? పైగా వంట బయటి షెడ్డుకో గ్యాసు మీదికో మారిందనుకోండి, లోపల పొగ లేదు, కొత్తగా వేసిన గడ్డి కూడా ఎక్కువ కాలం నిలవదు. అప్పుడు రేకులు వేసుకోక ఏం చేస్తారు? యునెస్కో ఇక్కడి మెట్ల పొలాలను 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2001లో ప్రమాదంలో ఉన్నవాటిలో వేసింది, 2012లో అందులోంచి తీసింది. జాబితాలు మంచివే, కాదనను. కానీ వరి పండించే మనుషులు తగ్గిపోతే అటక మీద కట్టలుండవు, కట్టలు లేని ఇంటికి ఎలుకల చెక్క ఎందుకు, అలంకారానికా?

మీరంతా ఆర్కిటెక్చర్ పిల్లలు. రేపు ఎక్కడికో వెళ్లి పాత ఇల్లు కొలిచి డ్రాయింగ్ వేస్తారు. వేయండి, కాకపోతే పొయ్యి ఇప్పుడు ఎక్కడ వెలుగుతోందో, పోయినసారి కప్పు నేసినప్పుడు గడ్డి ఎవరు కోశారో, వాళ్లకి కూలి ఎవరిచ్చారో కూడా అడిగి ఆ షీటు మీదే ఓ పక్కన రాయండి.