కిమ్ థాయిల్: శృతి దించిన గిటారు

అందరికీ నమస్కారం.

గిటారు నేర్చుకుంటున్న పిల్లలు ఈ సభలో చాలామంది కనిపిస్తున్నారు. మీలో ఎక్కువమందిని ఈ వాద్యం వైపు లాగింది సోలోలే అయి ఉంటాయి. వేళ్లు పరుగెత్తుతుంటే చూడటం ఎవరికైనా ముచ్చటే. ఈ సాయంత్రం మాత్రం, తనకంటే పాట ముందుండాలనుకున్న ఒక గిటారిస్టు గురించి చెబుతాను. ఆయన పేరు కిమ్ థాయిల్. అమెరికాలోని సియాటిల్ నగరంలో పుట్టిన సౌండ్‌గార్డెన్ అనే రాక్ బృందంలో మొదటి రోజు నుంచి చివరి దాకా లీడ్ గిటారు ఆయనదే. ఆల్టర్నేటివ్ రాక్ అనగానే ఆయన కంటే ముందు పదిమంది పేర్లు చెబుతారు. ఆ పదిమందిలో కొందరి దాకా శ్రోతలు చేరిన దారిలో ఈయన చెయ్యి ఉందని మాత్రం తక్కువమందికి తెలుసు.

1960 సెప్టెంబరు 4న సియాటిల్‌లోనే పుట్టారు. తల్లిదండ్రులు కేరళ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. తల్లి సంగీతం టీచరు. పెరిగింది షికాగో దగ్గర పార్క్ ఫారెస్ట్‌లో. కుర్రతనంలో కిస్ బృందం పాటలు, ఆ తర్వాత డెట్రాయిట్ వైపు నుంచి వచ్చిన ఎంసీ5, స్టూజెస్ బృందాల రికార్డులు ఆయన్ను పట్టేశాయి. ఆ రికార్డుల్లో గిటారు నునుపుగా ఉండదు. రగులుతుంది, గీరుకుంటుంది, ఒక్కోసారి అదుపు తప్పి కూస్తుంది. ఆ మోతలోనే ఆయన అందం విన్నారు.

1980ల మొదట్లో స్నేహితుడు హీరో యమమోటోతో కలిసి వాషింగ్టన్ రాష్ట్రానికి చేరారు. పార్క్ ఫారెస్ట్‌కే చెందిన మరో స్నేహితుడు బ్రూస్ పావిట్ కూడా ఆ వైపే వెళ్లాడు. థాయిల్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చదివి డిగ్రీ పుచ్చుకున్నారు. పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులు ఈ మాట గుర్తు పెట్టుకుంటే సంతోషిస్తాను. ఆ విశ్వవిద్యాలయానికి కేసీఎంయూ అనే చిన్న రేడియో స్టేషన్ ఉండేది. అక్కడ ఆయన డీజేగా రికార్డులు వేసేవారు.

1984లో థాయిల్, యమమోటో, క్రిస్ కార్నెల్ కలిసి సౌండ్‌గార్డెన్ మొదలుపెట్టారు. మొదట్లో కార్నెల్ డ్రమ్స్ వాయిస్తూనే పాడేవాడు. సియాటిల్‌లో సరస్సు ఒడ్డున ఎత్తైన గొట్టాలతో కట్టిన ఒక శిల్పం ఉంది. గాలి వీస్తే ఆ గొట్టాలు మోగుతాయి. బృందం పేరు ఆ శిల్పం నుంచే తీసుకున్నారు. 1986లో మాట్ కామెరాన్ డ్రమ్మర్‌గా చేరాక బృందం కుదురుకుంది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. బ్రూస్ పావిట్ అప్పటికి సబ్ పాప్ పేరుతో చిన్న పత్రిక, క్యాసెట్లు తెస్తున్నాడు. కేసీఎంయూలో కార్యక్రమాలు చేసే జొనాథన్ పోన్‌మన్‌కు సౌండ్‌గార్డెన్ అంటే వల్లమాలిన ఇష్టం. ఈ ఇద్దరినీ కలిపింది థాయిలే. పోన్‌మన్ 20,000 డాలర్లు పెట్టాడు. ఆ డబ్బుతో సబ్ పాప్ పూర్తిస్థాయి రికార్డు కంపెనీగా మారింది, 1987లో సౌండ్‌గార్డెన్ తొలి ఈపీ, అంటే కొద్ది పాటల చిన్న రికార్డు, ‘స్క్రీమింగ్ లైఫ్’ వచ్చింది. రెండేళ్లకు, 1989లో, నిర్వాణ అనే రాక్ బృందం తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ తెచ్చింది ఇదే కంపెనీ. ప్రపంచం గ్రంజ్ అని పిలిచిన ఆ అలలో పెద్ద భాగం, ఇద్దరు మిత్రులను కూర్చోబెట్టి మాట్లాడించిన ఒక గిటారిస్టు పుణ్యమే. ఆయన జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది ఈ పనికే.

ఇప్పుడు గిటారు దగ్గరికి వద్దాం. మామూలు గిటారులో అన్నిటికంటే లావు తీగను ‘ఈ’ (E) అనే స్వరానికి శృతి చేస్తాం. దాన్ని రెండు అరస్వరాలు దించి డీ చేస్తే ఏమవుతుందో వినండి.

(వాయించి చూపారు.)

విన్నారుగా. అడుగున ఉన్న మూడు తీగలూ ఇప్పుడు డీ, ఏ, డీ (D, A, D). మన లెక్కలో షడ్జమం, పంచమం, పై షడ్జమం. తంబూరా మీటితే సభంతా నిండే స్వరాలు ఇవే. ఒక్క వేలు అడ్డంగా ఆనిస్తే చాలు, మూడు తీగలూ కలిసి కదులుతాయి. డ్రాప్ డీ అనే ఈ పద్ధతి గురించి థాయిల్‌కు చెప్పింది మెల్విన్స్ బృందం గిటారిస్టు బజ్ ఆస్బోర్న్. ‘స్క్రీమింగ్ లైఫ్’లోని ‘నథింగ్ టు సే’లో దాని బరువు వినిపిస్తుంది. తర్వాత బృందం ఇంకా కిందికి దిగింది. ‘రస్టీ కేజ్’లో ఆ తీగ బీ దాకా దిగుతుంది. అంత వదులైన తీగ వణుకుతుంది, గట్టిగా మీటితే శృతి కాస్త జరుగుతుంది కూడా. ఆ జరగడాన్ని వాళ్లు దాచలేదు. రికార్డులో అలాగే ఉంచారు.

ఆయన చేతిలో ఎక్కువగా కనిపించే గిటారు గిల్డ్ ఎస్-100. దాన్ని ఇష్టపడటానికి ఒక చిన్న కారణం ఉంది. తీగలు ఆనే బ్రిడ్జికి, అవి కట్టి ఉండే చివరకు మధ్య దానిలో ఎక్కువ ఖాళీ ఉంటుంది. మామూలుగా ఎవరూ మీటని ఆ చోట థాయిల్ మీటుతారు. సన్నటి, లోహపు గలగల పుడుతుంది. దానికి ఫీడ్‌బ్యాక్, అంటే ఆంప్లిఫయర్ మోత మళ్లీ గిటారులోకి చేరి పుట్టే కూత, తోడైతే ‘జీసస్ క్రైస్ట్ పోజ్’ లాంటి పాట తయారవుతుంది. ఆ పాటలో గిటారు స్వరాలు వాయిస్తోందా, వాతావరణం నింపుతోందా అని విడదీసి చెప్పడం నాకు కష్టం.

తాళం సంగతి కూడా వినండి. ‘స్పూన్‌మన్’ రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరుస, వేస్తున్నాను. చేత్తో లెక్కపెట్టండి.

(పాట మొదటి భాగం వినిపించారు.)

ఏడు. ‘అవుట్‌షైన్డ్’ కూడా అంతే, ‘మై వేవ్’ అయితే ఐదు. ఏడు లెక్క మిశ్రం, ఐదు లెక్క ఖండం తెలిసిన మనకు ఇవి పరాయివి కావు. అందుకే, కేరళ నెత్తురు కదా, తాళం అక్కడి నుంచే వచ్చిందని కొందరు మురిసిపోతారు. ఆ మాట ఆయనకు అన్యాయం చేస్తుంది. ముందు పాట పుట్టేదని, లెక్క ఎంతో తర్వాత చూసుకునేవాళ్లమని, అది అనుకోకుండా జరిగిందని ఆయనే చెప్పారు. నలుగురు మనుషులు ఒక గదిలో ఒకరినొకరు వింటూ వాయిస్తే పుట్టిన ఏడు అది. దాని గౌరవం ఆ గదికే దక్కాలి.

బయటి విజయాలు త్వరగా చెప్పేస్తాను. యమమోటో 1989లో బృందం వదిలాడు, 1990లో బెన్ షెపర్డ్ బేస్ గిటారుకు వచ్చాడు. 1991లో ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’ ఆల్బమ్ వచ్చింది. 1994 మార్చిలో ‘సూపర్‌అన్‌నోన్’ ఆల్బమ్ విడుదలవుతూనే అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. మరుసటి ఏడాది ‘బ్లాక్ హోల్ సన్’, ‘స్పూన్‌మన్’ పాటలకు రెండు గ్రామీ అవార్డులు వచ్చాయి.

1996 నాటి ‘డౌన్ ఆన్ ది అప్‌సైడ్’ గురించి మాత్రం నెమ్మదిగా మాట్లాడాలి. ఆ ఆల్బమ్‌లో ఉన్న 16 పాటల్లో థాయిల్ రాసింది ఒకే ఒక్కటి, ‘నెవర్ ది మెషిన్ ఫరెవర్’. తన సృజనకు చోటు తగ్గితే నిరుత్సాహంగానే ఉంటుందని ఆయన దాచకుండా చెప్పారు. అయినా ఆ ఆల్బమ్‌లో ఇతరుల పాటలకు ఆయన గిటారు చేసిన సేవలో ఎక్కడా లోటు వినిపించదు. బృందంలో వాయించే ప్రతి ఒక్కరికీ ఇలాంటి రోజు వస్తుంది. ఆ రోజున ఎలా వాయిస్తామన్నది నా లెక్కలో ఎంత వేగంగా వాయిస్తామన్నదానికంటే పెద్ద ప్రశ్న.

1997 ఏప్రిల్‌లో బృందం విడిపోయింది. థాయిల్ సొంత పేరుతో తారగా మారే ప్రయత్నం చేయలేదు. 1999లో సియాటిల్ వీధుల్లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశాల మీద నిరసనలు చెలరేగినప్పుడు, పంక్ గాయకుడు జెల్లో బియాఫ్రా, నిర్వాణ బేస్ వాద్యకారుడు క్రిస్ట్ నోవొసెలిక్‌లతో కలిసి ఒక తాత్కాలిక బృందంలో వాయించారు. 2010లో సౌండ్‌గార్డెన్ మళ్లీ కలిసింది, 2012లో ‘కింగ్ యానిమల్’ తెచ్చింది.

2017 మే 17 రాత్రి డెట్రాయిట్‌లో కచేరీ చేశారు. ఆ కచేరీ ముగిసిన కొన్ని గంటలకే క్రిస్ కార్నెల్ చనిపోయాడు. థాయిల్ మూడు దశాబ్దాలకు పైగా ఎరిగిన గొంతు అది. మరుసటి ఏడాది థాయిల్ ఎంసీ5 గిటారిస్టు వేన్ క్రామర్ పక్కన నిలబడి, కుర్రతనంలో తాను విన్న ఆ పాటలనే ఊరూరా వాయించారు. 2019 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన కార్నెల్ సంస్మరణ సభలో మిగిలిన సౌండ్‌గార్డెన్ సభ్యులు కలిసి వాయించారు. కార్నెల్ చివరి రికార్డింగుల మీద కార్నెల్ కుటుంబంతో బృందానికి వచ్చిన కోర్టు వివాదం 2023లో రాజీతో ముగిసింది. 2025లో బృందం రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినప్పుడు, ఎప్పుడో 1989లో వెళ్లిపోయిన హీరో యమమోటో పేరు కూడా వాళ్లతో పాటు ఉంది. నాకు ఎంతో నచ్చిన విషయం ఇది.

గిటారు తెచ్చుకున్నవాళ్లు లావు తీగను డీకి దించుకోండి. ‘రూమ్ ఎ థౌజండ్ ఇయర్స్ వైడ్’ ముందు పూర్తిగా విందాం. సంగీతం మాట్ కామెరాన్‌ది, మాటలు థాయిల్‌వి. ఆ తర్వాత రిఫ్ ఒక్కో వరుసగా కలిసి వాయిద్దాం. ప్రశ్నలుంటే మధ్యలోనే అడగండి.