ఇంటి దగ్గరే కారు ముందు స్ట్రట్లు మార్చుకోవడం: స్ప్రింగుతో జాగ్రత్త

నమస్కారమండీ. కారు ముందు స్ట్రట్లు, అంటే చక్రం దగ్గర స్ప్రింగును మోస్తూ కుదుపులను ఆపే షాక్ అబ్జార్బర్లు, విప్పి కొత్తవి బిగించడం ఈ వీడియోలో మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. సరైన పనిముట్లూ, తొందరపడని మనసూ ఉంటే ఇది ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనే. కానీ ఇందులో ఒక్కచోట మాత్రం పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి అవకాశం ఉండదు. అందుకే పానా పట్టకముందే ఆ చోటు చూపిస్తున్నాను.

బానెట్ ఎత్తాను, చూడండి. స్ట్రట్ పైభాగం ఇక్కడ బాడీకి బిగించి ఉంది. చుట్టూ మూడు చిన్న నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు. ఆ మధ్య నట్టు ముట్టుకోకండి. లోపల స్ప్రింగు కొన్ని వందల కిలోల బలంతో నొక్కుకుని ఉంటుంది. దాన్ని పట్టి ఆపుతున్నది ఈ నట్టే. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ అనే పనిముట్టుతో బంధించకుండా దీన్ని విప్పితే మౌంటింగూ (స్ట్రట్‌ను బాడీకి పట్టే పై దిమ్మ) నట్టూ ఒక్కసారిగా ఎగిరి వస్తాయి. ఎదురుగా చెయ్యి ఉన్నా, మొహం ఉన్నా అంతే. కారు నుంచి స్ట్రట్‌ను దించడానికి పైన విప్పాల్సింది చుట్టూ ఉన్న చిన్న నట్లు మాత్రమే.

మొదటిసారి చేస్తున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. స్ప్రింగు, మౌంటింగ్, బేరింగ్ అన్నీ బిగించి వచ్చే పూర్తి సెట్టు మీ బండికి దొరికితే అదే తీసుకోండి. స్ప్రింగు నొక్కే పనే ఉండదు. దొరక్కపోతే స్ట్రట్ మీరే దించి, స్ప్రింగు మార్పించడానికి మెకానిక్ దగ్గరకు పట్టుకెళ్లండి. అక్కడ గోడకో బల్లకో బిగించిన పెద్ద కంప్రెసర్ ఉంటుంది. పనిలో ఎక్కువ భాగం అప్పటికీ మీ చేతుల మీదే జరుగుతుంది.

స్ట్రట్ నిజంగా పోయిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. స్ట్రట్ గొట్టం మీద ఆయిలు కారి దుమ్ము ముద్దలా పట్టిందంటే పోయినట్టే. పైన సన్నగా తడి కనిపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. గతుకుల్లో టకటకమని శబ్దం వస్తే ముందు స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో బండి వాలకుండా ఆపే బార్‌ను స్ట్రట్‌కు కలిపే చిన్న కడ్డీ), మౌంటింగ్ చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. మార్చాల్సి వస్తే ఎడమ, కుడి రెండూ కలిపి మార్చండి. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడూ మలుపుల్లోనూ బండి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

ఇక బండి ఎత్తుదాం. నేల గట్టిగా, సమంగా ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టండి. చక్రాల నట్లు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయండి. ఎత్తాక బండి బరువు జాక్ స్టాండ్ల మీదే ఉండాలి, జాకీ మీద కాదు. ఇటుకలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. విప్పిన చక్రాన్ని బాడీ కిందకు తోసి ఉంచండి, అదొక అదనపు కాపలా. ముందు రెండు వైపులా ఎత్తడమే మంచిది. ఒకవైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలిక పడి లింకు ఊడి రాదు.

స్ట్రట్‌కు తగిలించి ఉన్న బ్రేకు హోసు, ఏబీఎస్ సెన్సారు వైరు, లింకు ముందుగా విడదీయండి. కింద నకుల్‌కు, అంటే చక్రాన్ని మోసే భాగానికి, పట్టిన రెండు పెద్ద బోల్టులు చూడండి. వాటి తలల చుట్టూ, స్ట్రట్ అంచు వెంట మార్కర్‌తో గీత గీయండి. చక్రం వాలు దాదాపు పాత స్థితికి రావడానికి ఆ గీతే ఆధారం. చాలా బళ్లలో ఈ బోల్టు మెడకు పళ్లుంటాయి, కాబట్టి తల కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పండి.

ఈ రకం సస్పెన్షన్‌కు రూపం ఇచ్చింది ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజినీరు. 1950లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్‌కు ముందు వైపు ఇదే ఉండేది. ఇందులో పైన వేరే ఆర్మ్ ఉండదు, నకుల్‌ను పైనుంచి పట్టేది స్ట్రట్టే. అంటే బోల్టులు తీయగానే నకుల్ బయటికి వాలుతుంది. అప్పుడు బరువంతా బ్రేకు హోసు మీద పడుతుంది, డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు కూడా ఊడొచ్చు. కాబట్టి కింద ఆర్మ్‌కు జాకీ ఆనించి, నకుల్‌ను తాడుతో కట్టాకే బోల్టులు తీయండి. పై చిన్న నట్లలో చివరిది విప్పేటప్పుడు కింద నుంచి ఒక చెయ్యి స్ట్రట్‌ను పట్టుకుని ఉండాలి.

స్ప్రింగు పని మీరే చేస్తానంటే ఇక్కడ వీడియో ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని రండి. కంప్రెసర్ కొక్కేలు రెండూ స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, వీలైనన్ని ఎక్కువ చుట్లను పట్టాలి. లాక్ పిన్నులు ఉంటే తప్పక వేయండి. కంప్రెసర్ బోల్టును ఒకవైపు రెండు మూడుసార్లు తిప్పి, తర్వాత రెండోవైపు అన్నిసార్లే తిప్పండి. చేతి పానాతోనే తిప్పండి, ఇంపాక్ట్ గన్‌తో వద్దు. స్ప్రింగు ఒక పక్కకు వంగుతున్నట్టు కనిపిస్తే వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. పై మౌంటింగ్ చేత్తో తిరిగేంత వదులైంది, చూడండి. స్ప్రింగు ఒత్తిడి మౌంటింగ్ మీద లేదని అది చెబుతోంది. ఇప్పుడు మాత్రమే మధ్య నట్టు విప్పాలి, అదీ పక్కన నిలబడి. స్ట్రట్ మధ్యలోని రాడ్డు తిరిగిపోతుంటే పైన అలెన్ కీ పెట్టి ఆపండి. రాడ్డును ప్లయర్‌తో పట్టుకోవద్దు, దాని మీద గీత పడితే సీలు కోసుకుపోతుంది.

కొత్త స్ట్రట్‌ను నిలువుగా పట్టుకుని రాడ్డును పూర్తిగా లోపలికీ బయటికీ నాలుగైదుసార్లు ఆడించండి, లోపలి గాలి పోతుంది. బంప్ స్టాపరు, డస్ట్ కవరు, మౌంటింగ్, బేరింగ్ కొత్తవే వేయండి. స్ప్రింగు కింది కొన, సీటులో ఉన్న మెట్టుకు ఆని కూర్చోవాలి. మధ్య నట్టు పూర్తిగా బిగించాకే కంప్రెసర్‌ను వదులు చేయండి, అదీ రెండువైపులా సమంగా.

బిగింపు అంతా విప్పిన వరసకు తిరగేసి. పై నట్లు ముందు వేళ్లతో పట్టించి, కింద బోల్టులు గీతల దగ్గర పెట్టండి. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెకే బిగించండి. తీసేసిన లాక్ నట్ల బదులు కొత్తవి వాడండి. చక్రం వేసే ముందు స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పించి, హోసూ వైరూ ఎక్కడా లాగుకుపోవడం లేదని చూడండి.

బండి దించి చక్రాల నట్లు ఎదురెదురుగా బిగించాక, కదిలించే ముందు బ్రేకు పెడల్ నాలుగుసార్లు నొక్కి గట్టిగా ఉందో లేదో చూసుకోండి. నెమ్మదిగా నడుపుతూ నేరుగా అలైన్‌మెంట్‌కు వెళ్లండి. గీత పెట్టాం కదా అని దాన్ని వదిలేస్తే కొత్త టైర్లు ఒక అంచున అరిగిపోతాయి. 100 కిలోమీటర్ల లోపు చక్రాల నట్లు మళ్లీ ఒకసారి టార్క్ చూడండి. స్టీరింగు తిప్పినప్పుడు స్ప్రింగు టంగుమని మోగితే బేరింగో, స్ప్రింగు కొనో సరిగ్గా కూర్చోలేదన్నమాట. బండి నడపడం ఆపి, విప్పి చూడాల్సిందే.

పాత స్ట్రట్లలో గ్యాసు ఒత్తిడి మిగిలి ఉండొచ్చు. వాటిని కోయకండి, వేడి చేయకండి. పాత ఇనుము తీసుకునేవాళ్లకు ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పి మరీ ఇవ్వండి.