పాత కారులో ఇంజిన్ ఆయిల్ వాసన: ఎక్కడి నుంచి వస్తుందో పట్టుకుందాం

[నల్లగొండ, దేవరకొండ రోడ్డు పక్కన షెడ్డు. బానెట్ ఎత్తి ఉన్న పాత పెట్రోల్ కారు.]

హైదరాబాద్ నుంచి వస్తూ పంతంగి టోల్ దగ్గర లైన్‌లో ఆగారు. ఏసీ నడుస్తోంది. ఉన్నట్టుండి మాడిన నూనె వాసన గుప్పుమంది. బండి కదలగానే పోయింది. నార్కట్‌పల్లిలో ఆగితే మళ్లీ వచ్చింది. దయచేసి దాని మీద పర్ఫ్యూమ్ కొట్టి ఊరుకోకండి. వాసన ఎప్పుడు వస్తుందో గమనిస్తే, ఎక్కడి నుంచి వస్తుందో సగం తెలిసిపోతుంది.

బండి పోతున్నప్పుడు ఎదురుగాలి ఇంజిన్ దగ్గరి పొగను కిందికి, వెనక్కి తోసేస్తుంది. ఆగితే అదే పొగ పైకి లేస్తుంది.

[ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరి జాలీ.]

బ్లోయర్ బయటి గాలిని పీల్చేది ఇక్కడే. బానెట్ వెనక అంచున ఈ రబ్బరు పట్టీ చూడండి. ఇంజిన్ గాలి ఇటు రాకుండా ఆపాల్సింది ఇదే. మన ఎండలకు గట్టిపడిపోయింది, గోరుతో నొక్కినా దిగడం లేదు. అంటే వెతకాల్సినవి రెండు: ఆయిల్ కారే చోటు, వాసన లోపలికి వచ్చే దారి.

దారి సంగతి తేలికే. ఆరుబయట, ఇంజిన్ వేడిగా నడుస్తుండగా బ్లోయర్‌ను బయటి గాలి మీద పెట్టండి. వాసన వచ్చాక, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. తగ్గిందా? అయితే ఇంజిన్ వైపు నుంచే వస్తోంది. అలా కాకుండా వెనక సీటులో ఎక్కువగా ఉంటే డిక్కీ రబ్బరు, సైలెన్సర్ జాయింట్లు చూపించండి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సైలెన్సర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. తల నొప్పిగా, తిరిగినట్టుగా అనిపిస్తే అద్దాలు దించి, బండి ఆపి దిగిపోండి.

ఇంకో మాట. తియ్యటి వాసన వచ్చి అద్దం లోపల జిడ్డుగా మసకబారితే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. పచ్చి పెట్రోల్ వాసనైతే ఇంజిన్ ఆపేయండి, మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

ఇప్పుడు అసలు పని. మెకానిక్ అన్న మొదట ఏ పార్టూ విప్పలేదు.

"ముందు కడుగుదాం అన్నా. అంతా తడిగా ఉంటే ఏది కారుతుందో ఎట్ల తెలుస్తది?"

నాకు నచ్చిన మాట ఇది. ఇంజిన్ చల్లారాక ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, గాలి పైపు మూతికి కవర్లు కట్టి, జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో తుడిచి ఆరనిచ్చాం. తర్వాత కనగల్ దాకా వెళ్లొచ్చి, చల్లారనిచ్చి టార్చ్ పట్టుకున్నాం.

[టార్చ్ వెలుగు పై నుంచి కిందికి, నెమ్మదిగా.]

ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే కింద చుక్క పడిన చోటు కాదు, అన్నిటికన్నా పైన తడి ఎక్కడుందో చూడాలి. ఇదిగో, ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ వెనక మూల. ఆ మూత కింద సందు మూసే ప్యాకింగ్ గీత వెంట సన్నగా తేనెరంగు మెరుపు. దాని కింద బోల్టు తల మీద ఒక చుక్క నిలబడి ఉంది. ఆ కిందే, ఇంజిన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రేకు, దాని మీద గోధుమరంగు మరక. మానిఫోల్డ్ వేడి 300 డిగ్రీలు దాటడం మామూలే. ఇంజిన్ ఆయిల్ పొగ రావడానికి అంత కూడా అక్కర్లేదు. చుక్క చిన్నదే అయినా కారంతా కంపు అందుకే.

ప్యాకింగ్ మారిస్తే సరిపోతుంది. బోల్టులు మాత్రం బలంగా బిగించనివ్వకండి, కవర్ వంగితే కారడం ఎక్కువవుతుంది. గమ్ దట్టంగా పూయడం కూడా తప్పే. లోపలికి ఒలికిన ముక్కలు ఊడి ఆయిల్ జల్లెడకు అడ్డుపడగలవు.

కొత్త ప్యాకింగ్ కొద్ది రోజులకే మళ్లీ కారితే బ్రీదర్ పైపు, పీసీవీ వాల్వ్ చూపించండి. ఇంజిన్ లోపలి ఒత్తిడి పోయే దారులు ఇవే. అవి పూడుకుపోతే ఇంజిన్ లోపలి ఒత్తిడికి ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి బయటికొస్తుంది.

ఈ మధ్యే ఆయిల్ మార్పించారా? పోసేటప్పుడు ఒలికినా ఇదే వాసన. ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు, మూత రబ్బరు చూసుకోండి. ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య చుక్కలు పడుతుంటే వెనక ఆయిల్ సీల్ అయి ఉండొచ్చు. దానికి గేర్‌బాక్స్ దించాలి, ఖర్చు పెద్దది. కడిగి, తిప్పి, కళ్లతో చూడనిదే ఒప్పుకోవద్దు.

రిపేరు అయ్యాక కూడా రేకు మీద మిగిలిన ఆయిల్ కాలిపోయేదాకా కొన్ని రోజులు వాసన ఉంటుంది, టెన్షన్ పడకండి. బానెట్ రబ్బరు పట్టీ, కారు లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ కూడా ఇప్పుడే మార్పించండి. వారానికోసారి పొద్దున్నే, చదునైన చోట, స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు చేరితే ముందు ఆయిల్ పోయండి, ఆ తర్వాతే ప్రయాణం.