ప్రమాదం జరిగిన రోజు నుంచే గడువు

సభకు నమస్కారం. గ్రామాల నుంచి వచ్చిన పారా లీగల్ వలంటీర్లకు, న్యాయవాద మిత్రులకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు నా అభివాదాలు.

ప్రమాదంలో గాయపడినవారు, లేదా తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలు పరిహారం కోసం దావా వేయడానికి చట్టం పెట్టిన గడువుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టం ప్రమాదం జరిగిన నాటి నుంచే రోజులు లెక్కపెడుతుంది. కుటుంబం మాత్రం మనిషి మంచం దిగిన నాటి నుంచో, పోలీసు కేసు తేలిన నాటి నుంచో లెక్కపెట్టుకుంటుంది. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా వల్లనే ఎన్నో న్యాయమైన కేసులకు కాలదోషం పడుతోంది, అంటే గడువు దాటి అవి చెల్లకుండా పోతున్నాయి.

ముందుగా రోడ్డు ప్రమాదాల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువ మంది అలాంటి బాధితులే. మోటారు వాహనాల చట్టంలో ఈ గడువు నాలుగుసార్లు రూపు మార్చుకుంది. 1939 నాటి చట్టం ఆరు నెలల గడువు పెట్టి, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారాన్ని ఈ పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. 1988 చట్టం అదే ఆరు నెలలను ఉంచి, కారణం ఎంత గట్టిదైనా పన్నెండు నెలలు దాటితే మన్నించేది లేదని హద్దు గీసింది. ఆ హద్దు వల్ల నష్టపోయిన వితంతువుల, పిల్లల గోడు చట్టసభను కదిలించింది కాబోలు, 1994 సవరణలో గడువు నిబంధననే తొలగించారు. ఎప్పుడు వేసిన పిటిషన్‌నైనా ఆలస్యం పేరుతో తోసిపుచ్చడానికి వీల్లేదని 1996లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఆ తరువాత దాదాపు ఇరవై ఏడేళ్లపాటు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లు గడువు ప్రశ్న లేకుండానే పనిచేశాయి. ఆ కాలంలో పనిచేసినవారికి, వారి మాట విన్న ఊరివాళ్లకు, ‘ఎంవీఓపీ (మోటారు ప్రమాద పరిహార పిటిషన్) ఎప్పుడైనా వేసుకోవచ్చు’ అన్న నమ్మకం బలంగా నాటుకుపోయింది.

ఆ నమ్మకం ఈనాడు ప్రమాదకరం. 2019 సవరణ చట్టం ద్వారా ఆరు నెలల గడువు తిరిగి వచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఈసారి ఆలస్యాన్ని మన్నించే మాట ఆ సెక్షన్‌లో ఒక్కటి కూడా లేదు. ఈ నిబంధన చెల్లుబాటును ప్రశ్నిస్తూ దాఖలైన వ్యాజ్యాల విచారణలో, గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లను కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరంగా ఆదేశించింది. అది ఊరట కలిగించే ఆదేశమే గాని తుది తీర్పు కాదు. కాబట్టి దాన్ని నమ్ముకొని ఏ కుటుంబానికీ ‘నెమ్మదిగా చూద్దాం’ అని చెప్పకండి. ఆరు నెలల లోపలే కాగితం కోర్టులో పడాలన్నట్టుగా పనిచేయండి.

ఈ నిబంధన మీద నా అభిప్రాయం దాచుకోను. వెన్నెముక విరిగి, మూడు శస్త్రచికిత్సలు జరిగి, ఆసుపత్రి ఖర్చులకు ఎకరం పొలం అమ్ముకున్న మనిషికీ, చర్మం గీసుకుపోయి రెండో రోజే పనిలోకి వెళ్లిన మనిషికీ ఒకే ఆరు నెలలు ఇచ్చి, న్యాయమూర్తి చేతికి విచక్షణ ఇవ్వకపోవడం అన్యాయం. గాయం ఎంత పెద్దదైతే దావా వేసే శక్తి అంత తక్కువగా ఉంటుందన్నది ట్రిబ్యునళ్లలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి. గడువు అవసరం లేదని నేను అనను. సాక్షులు మరిచిపోతారు, వాహనాలు చేతులు మారతాయి, రికార్డులు చెల్లాచెదురవుతాయి. కాని కారణం విని మన్నించే అధికారం 1939 నాటి చట్టంలోనే ఉన్నప్పుడు, ఈనాటి చట్టంలో లేకపోవడానికి సమర్థన కనిపించదు.

ఇక ఆలస్యం ఎందుకు జరుగుతుందో చూద్దాం. మొదటి కారణం క్రిమినల్ కేసు కోసం ఎదురుచూడటం. డ్రైవరుకు శిక్ష పడితేనే పరిహారం వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ రెండు కేసులూ వేర్వేరు. క్రిమినల్ కోర్టులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. ట్రిబ్యునల్‌లో నిర్లక్ష్యం జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. డ్రైవరు నిర్దోషిగా విడుదలైనా పరిహారం దక్కే వీలుంది. రెండో కారణం రాజీ. వాహన యజమాని ఆసుపత్రి బిల్లు కడతానంటాడు, పెద్దమనుషులు కూర్చుంటారు, తొలి విడత డబ్బు చేతికి వస్తుంది, ఆపైన ఫోను ఎత్తడం మానేస్తాడు. ఆ మాటల మధ్య గడిచిన నెలలను చట్టం గడువు నుంచి మినహాయించదు. మూడోది, కాగితాలన్నీ చేతికి వచ్చాకే వేయాలన్న అపోహ. వైకల్య ధ్రువపత్రం, తుది బిల్లులు, ఛార్జిషీటు నకలు ఇవన్నీ విచారణ సమయంలో దాఖలు చేయవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్ లేదా పోస్టుమార్టం నివేదిక, వాహనం నంబరు, బీమా వివరాలు ఉంటే పిటిషన్ మొదలుపెట్టడానికి సరిపోతుంది.

ఇక్కడ పోలీసుల బాధ్యత కూడా మీకు తెలియాలి. 2022 నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి ప్రమాదపు తొలి నివేదికను 48 గంటల్లో, సవివర నివేదికను 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ సవివర నివేదికనే ట్రిబ్యునల్ పరిహార దరఖాస్తుగా స్వీకరించవచ్చు. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు దీనిని కచ్చితంగా అమలు చేయాలని దేశంలోని పోలీసు యంత్రాంగాలకు ఆదేశాలిచ్చింది. మీరు ఠాణాకు వెళ్లినప్పుడు నివేదిక ట్రిబ్యునల్‌కు చేరిందా అని అడగండి. చేరలేదంటే కుటుంబం తరఫున విడిగా పిటిషన్ వేయించండి.

పాలమూరు నుంచి ముంబయికో, శ్రీకాకుళం నుంచి చెన్నైకో పనికి వెళ్లి అక్కడ ప్రమాదానికి గురైనవారి విషయంలో ఒక సౌకర్యం ఉంది. ప్రమాదం జరిగిన చోటే పిటిషన్ వేయనక్కర లేదు; బాధితులు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. పరాయి రాష్ట్రం కోర్టు చుట్టూ తిరగలేమని ఊరకున్న కుటుంబాలకు ఈ ఒక్క మాట చెబితే చాలు.

లారీ డ్రైవరో క్లీనరో విధుల్లో ఉండగా మరణిస్తే మరో దారి కూడా ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కింద సంబంధిత అధికారి ముందు రెండేళ్లలోపు దరఖాస్తు చేయవచ్చు. తగిన కారణం ఉంటే ఆపైన కూడా ఆ అధికారి స్వీకరించగలరు. అక్కడ ఎదుటివారి నిర్లక్ష్యాన్ని రుజువు చేయనవసరం లేదు. అయితే రెండు చట్టాల కిందా పరిహారం అడగడానికి వీల్లేదు, ఒకదాన్ని ఎంచుకోవాలి. రైలు నుంచి జారిపడిన ప్రయాణికుల కేసులు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళతాయి. గడువు ఒక ఏడాది, తగిన కారణంతో ఆలస్యం మన్నిస్తారు. మరణానికి 2017 జనవరి నుంచి 8 లక్షల రూపాయల పరిహారం ఉంది.

వైద్య నిర్లక్ష్యం మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. ఇక్కడ గడువు ఎప్పుడు మొదలవుతుందన్నదే కష్టమైన ప్రశ్న. 1993లో పిత్తాశయానికి శస్త్రచికిత్స చేయించుకున్న ఒక మహిళ కడుపులో గుడ్డ ముక్క ఉండిపోయిందని 2002లో మరో ఆపరేషన్‌లో తేలింది; ఆమె 2004లో ఫిర్యాదు చేశారు. గాయం బయటికి కనిపించనప్పుడు అది తెలిసిన నాటి నుంచే గడువు లెక్కించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 2010లో ఒప్పుకొంది. కాని ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఆమె మళ్లీ వైద్య సలహా తీసుకోలేదని, మొదటే ఆరా తీయవలసిందని చెప్పి, ఆమె ఫిర్యాదుకు కాలదోషం పట్టిందని తేల్చింది. నొప్పి తగ్గని రోగి రెండో డాక్టరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవడం ఎంత అవసరమో ఈ కేసు చెబుతుంది.

ప్రత్యేక చట్టం లేని గాయాలకు, అంటే కూలిన గోడ, కుక్క కాటు వంటి వాటికి, సివిల్ కోర్టులో దావా వేయాలి. 1963 కాలపరిమితి చట్టం కింద సాధారణంగా మూడేళ్ల గడువు వర్తిస్తుంది. కాని మూత లేని మ్యాన్‌హోల్ వంటి కేసులో, చట్టం ప్రకారం చేయవలసిన పని చేయకపోవడమే కారణమన్న వాదన వస్తే, అదే చట్టంలో దానికి ఒక ఏడాది గడువే ఉంది. అందుకని పురపాలక సంఘం మీద వేసే దావాను ఏడాది లోపల వేయడమే క్షేమం. దావాల విషయంలో ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు. ప్రతివాది అడగకపోయినా కోర్టే కొట్టివేయాలి. గాయపడింది మైనరైతే మేజరైన తరువాత కూడా గడువు లభిస్తుంది గాని, అంతదాకా సాక్ష్యం నిలవదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల గురించి కూడా తల్లిదండ్రులు అడుగుతుంటారు. అక్కడ రాష్ట్రాన్ని బట్టి గడువు మారుతుంది. టెక్సాస్‌లోను, కాలిఫోర్నియాలోను సాధారణంగా రెండేళ్లు. ఫ్లోరిడాలో నిర్లక్ష్యపు దావాలకు నాలుగేళ్లుండగా 2023లో రెండేళ్లకు తగ్గించారు. కాలిఫోర్నియాలో ప్రభుత్వ సంస్థ మీదైతే ముందుగా ఆరు నెలల్లో క్లెయిము దాఖలు చేయాలి.

రేపటి నుంచి మీరు ఏ బాధిత కుటుంబాన్ని కలిసినా ముందుగా ప్రమాదం తేదీ రాసుకోండి, దాని పక్కనే ఆరు నెలలు పూర్తయ్యే తేదీ రాసి ఆ ఇంటివారి చేతికివ్వండి. వకీలును పెట్టుకొనే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకువెళ్లండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. మనిషి ఇంకా ఐసీయూలో ఉన్నాడని, ఇప్పుడు కాగితాల మాట ఎలా ఎత్తుతామని మొహమాట పడకండి. ఎఫ్‌ఐఆర్ నకలు తెప్పించే పనిని ఆ వారంలోనే మీరు మొదలుపెట్టవచ్చు.