కుక్కపిల్లతో భయమా, పెరటి మట్టితో భయమా?

యాంకర్: ఇంటికి కుక్కపిల్ల వచ్చిందంటే చాలు, పెద్దవాళ్లు పసిపిల్లలను అవతలికి లాగేస్తారు. ఆ భయంలో నిజమెంత, డాక్టర్ గారూ?

పశువైద్యురాలు: భయం నిజమే, గురే తప్పింది. దాన్ని ముద్దు చేయడం కంటే, అది విసర్జించిన మట్టిలో ఆడుకోవడమే ప్రమాదం. టాక్సోకారా అనే నట్ట గుడ్లు తాజా మలంలో ఎవరికీ హాని చేయవు. మట్టిలో 2 నుంచి 4 వారాలు ఉంటేనే లోపల పిల్లపురుగు తయారవుతుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే ఎత్తేయమంటాం.

యాంకర్: మా కుక్కపిల్ల గడపే దాటదు, దానికి నట్టలెక్కడివి అంటారు కదా?

పశువైద్యురాలు: తల్లి కడుపులోనే వస్తాయండీ! తల్లి శరీరంలో నిద్రాణంగా ఉన్న పిల్లపురుగులు అది కడుపుతో ఉన్నప్పుడు మేల్కొని పిల్లలను చేరతాయి. పాలలోనూ వెళతాయి. 2 వారాల వయసు నుంచే నట్టల మందు మొదలుపెట్టాలి. టీకాకు వెళ్లినప్పుడు చూద్దాంలే అంటే అప్పటికే ఆలస్యం.

పిల్లల వైద్యుడు: మా చిక్కు వేరు. మనిషిలో ఈ పురుగు పెద్దది కాదు, గుడ్లు పెట్టదు. కాబట్టి మలపరీక్షలో ఏమీ కనబడదు, తల్లిదండ్రులు రిపోర్టు చూసి నిశ్చింతగా ఉంటారు. పిల్లపురుగు మాత్రం కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిరుగుతుంటుంది. రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు పెరిగితే మాకు అనుమానం వస్తుంది. కంట్లో చేరితే చూపే పోవచ్చు. కేన్సర్ అనుమానంతో తొలగించిన పిల్లల కళ్లలో కొన్నింటిలో పురుగులున్నట్టు 1950లో అమెరికాలో కంటి పాథాలజీ నిపుణురాలు హెలెనార్ వైల్డర్ గుర్తించారు. అవి టాక్సోకారావని తర్వాత తేలింది.

యాంకర్: ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపేయాలా?

పశువైద్యురాలు: అక్కర్లేదు. పిల్లి మలంలోని టాక్సోప్లాస్మా, అంటే కడుపులోని బిడ్డకు హాని చేయగల సూక్ష్మ పరాన్నజీవి, ప్రమాదకరంగా మారడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇసుక డబ్బాను రోజూ ఇంట్లో మరొకరు శుభ్రం చేస్తే చాలు.

పిల్లల వైద్యుడు: చాలు అనకండి మేడమ్. సరిగా ఉడకని మాంసంతో, కడగని ఆకుకూరలతో కూడా అది వస్తుంది. పిల్లి లేని ఇంట్లోనూ వస్తుంది.

పశువైద్యురాలు: ఒప్పుకుంటాను.

యాంకర్: మొత్తానికి వెంటవెంటనే ఎత్తేస్తే బెంగ లేనట్టేనా?

పశువైద్యురాలు: ఒకటి దానికి లొంగదు. మనిషి కాలేయంలో హైడాటిడ్ అనే నీటి తిత్తులు పెట్టే బద్దెపురుగు ఉంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడిన క్షణం నుంచే ప్రమాదకరం. గొర్రెను కోసిన చోట కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివే కుక్కలకు విసురుతారు చూడండి, కుక్కకు అది అలా అంటుకుంటుంది. పెట్టాలనుకుంటే బాగా ఉడికించి పెట్టండి. నట్టల మందులన్నీ దీనిపై పనిచేయవు. కొనేటప్పుడు అట్టమీద ప్రాజిక్వాంటెల్ అని ఉందో లేదో చూసుకోండి.