పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ: వీడియో కాల్‌లో డాక్టర్ ఏం కనిపెట్టగలరు, ఏ మందు రాయలేరు

[తెర మీద: పాత ప్రోగ్రెస్ కార్డు. రిమార్క్స్ గడిలో ఎర్ర సిరాతో రాసిన ఒక వాక్యం.]

"తెలివైనదే. మనసు పెట్టి చదివితే ఇంకా మార్కులు వస్తాయి."

ఈ మాట మూడో తరగతిలో విని, ఏడులో విని, ఇంటర్‌లో కూడా విన్నవాళ్లు కొందరుంటారు. ఇప్పుడు వాళ్లకి ముప్ఫై ఏళ్లు దాటి ఉంటాయి. ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది. అయినా చేతిలో డబ్బులుండగానే కరెంటు బిల్లు ఫైన్‌తో కడతారు. మేనేజర్ మెయిల్‌కి సగం జవాబు రాసి, పంపకుండా వదిలేస్తారు. ఇంట్లో బద్ధకం అంటారు, ఆఫీసులో సీరియస్‌నెస్ లేదంటారు. వినగా వినగా వాళ్లూ అదే నమ్మేస్తారు.

వీళ్లందరికీ కాదు గానీ, కొందరికి ఉన్నది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలపలేకపోవడం, కుదురు లేకపోవడం చిన్నప్పటినుంచీ ఉండే సమస్య. పెద్దవాళ్లలో నూటికి రెండు మూడు మందికి ఉంటుందని అంచనా. ఆన్‌లైన్‌లో సైకియాట్రిస్ట్‌కి చూపించుకుని దీన్ని తేల్చుకోవచ్చా, వైద్యం ఎంతవరకు జరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది ఈ వీడియోలో చెప్తాను.

[తెర మీద: పరుగెత్తే పిల్లాడి బొమ్మ చెరిగిపోతుంది. కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్న ఒకామె.]

ఏడీహెచ్‌డీ అనగానే గోడలెక్కి దూకే పిల్లాడే గుర్తొస్తాడు. పెద్దయ్యాక ఆ పరుగు చాలావరకు లోపలికి వెళ్లిపోతుంది. మనిషి మీటింగ్‌లో కుదురుగానే కూర్చుంటారు, బుర్ర మాత్రం కుదురుగా ఉండదు. చిత్రమేంటంటే, నచ్చిన పని దొరికితే ఇదే మనిషి తిండి కూడా మర్చిపోయి నాలుగు గంటలు చేస్తారు. "మరి దానికెలా వచ్చింది శ్రద్ధ?" అని ఇంట్లోవాళ్లు నిలదీసేది అందుకే. శ్రద్ధ ఉంది. దాన్ని కావలసిన పని మీద, కావలసిన టైముకి నిలపడంలోనే ఇబ్బంది.

ఆడపిల్లల్లో దీన్ని గుర్తించడం ఇంకా కష్టం. అల్లరి చేయని పిల్లని టీచర్ ఎందుకు పట్టించుకుంటారు? వెనక బెంచీలో కిటికీవైపు చూస్తూ పదో తరగతి దాటేసిన అమ్మాయిలు, తమ పిల్లలకి ఏడీహెచ్‌డీ అని డాక్టర్ చెప్పినప్పుడు "అయ్యో, నేనూ ఇంతే కదా" అనుకోవడం చాలా మామూలు. వంశపారంపర్య ప్రభావం చాలా ఎక్కువగా ఉన్న సమస్య ఇది.

కాకపోతే ఒకటి. మతిమరుపు అందరికీ ఉంటుంది. రోజంతా ఫోన్ చూస్తే ఎవరి ధ్యాసైనా చెదురుతుంది. మొన్న మార్చి నుంచి మొదలైంది అంటే అది ఏడీహెచ్‌డీ అయ్యే అవకాశం తక్కువ. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎమ్-5 అనే ప్రామాణిక పుస్తకం ప్రకారం పన్నెండేళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. ఇల్లు, ఆఫీసు, స్నేహితులు ఇలా కనీసం రెండు చోట్ల ఇబ్బంది ఉండాలి. బతుకు తెరువుకో, సంబంధాలకో నష్టం జరుగుతూ ఉండాలి. 17 ఏళ్లు దాటినవాళ్లకి ధ్యాసకి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, కుదురులేనితనానికి సంబంధించిన తొమ్మిదిలో గానీ కనీసం ఐదు ఉండాలి.

ఏఎస్ఆర్ఎస్ అని ఒక ప్రశ్నావళి ఉంది. 18 ప్రశ్నలు, అందులో మొదటి ఆరే ముఖ్యం. నింపి చూసుకోండి, తప్పులేదు. అది డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అని చెప్తుంది, జబ్బు ఉందని తేల్చదు.

[తెర మీద: వీడియో కాల్. మూడు చిన్న కిటికీలు: డాక్టర్, స్వాతి, స్వాతి అమ్మగారు.]

సరైన ఆన్‌లైన్ పరీక్ష ఎలా ఉంటుందో ఒక ఉదాహరణగా చూద్దాం. స్వాతికి 31 ఏళ్లు, మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం. అమ్మగారు తణుకులో ఉంటారు. సగం మాటలయ్యాక అమ్మని కూడా కాల్‌లోకి తీసుకోమన్నారు డాక్టర్.

డాక్టర్: "అమ్మా, స్వాతి చిన్నప్పుడు బళ్లో ఎలా ఉండేదండీ? అల్లరి చేసేదా?"

అమ్మ: "అల్లరేం లేదండి డాక్టర్ గారూ, నోట్లో నాలుక లేని పిల్ల. పుస్తకం ముందేసుకుని గంట కూర్చునేది, పేజీ తిరిగేది కాదండి. గొడుగులైతే ఎన్ని పోగొట్టిందో లెక్కే లేదు. వానలు మొదలవక ముందే వాళ్ల నాన్నగారు రెండు కొనుంచేవారు."

డాక్టర్: "హోంవర్క్ సంగతి?"

అమ్మ: "నేను పక్కన కూర్చుంటే పావుగంటలో అయిపోయేదండి. లేచి వంటింట్లోకెళ్తే రాత్రి పదే."

ఈ నాలుగు మాటల్లో డాక్టర్‌కి ఎంతో దొరికింది. చిన్నప్పుడే ఉంది. ఇంట్లోనూ బళ్లోనూ ఉంది. చేయడం వచ్చు, పక్కన మనిషి ఉంటేనే పని సాగుతుంది. ఇలాంటి సంగతి స్వాతికి తనంతట తనకి గుర్తుండదు. ఇక్కడ ఆన్‌లైన్‌కి ఒక మేలు ఉందని నా నమ్మకం. తణుకు నుంచి అమ్మని హైదరాబాద్ క్లినిక్‌కి రప్పించడం తేలిక కాదు, కాల్‌లోకి రప్పించడం రెండు నిమిషాల పని. అమ్మానాన్నా లేకపోతే అన్నయ్యో అక్కో, చిన్ననాటి స్నేహితురాలో. పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే ఫోటో తీసి పంపండి.

ఆ తర్వాత డాక్టర్ వేరే దారి పట్టి అడుగుతారు. నిద్ర ఎలా ఉంది? గురక పెడతారా? థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించారా? డిప్రెషన్, టెన్షన్ ఉన్నాయా? నిద్ర లేకుండా వరసగా కొన్ని రోజులు పట్టలేనంత ఉత్సాహంగా, చేతికి అడ్డులేకుండా ఖర్చుపెట్టిన సందర్భాలున్నాయా? మందు, గంజాయి అలవాటుందా? చివరి రెండు ప్రశ్నలకి జనం దాచేస్తారు. దాచకండి. మనసు విపరీతమైన ఉత్సాహానికీ, తీవ్రమైన దిగులుకీ మధ్య ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకి అది తేలకుండా ఏడీహెచ్‌డీ మందు ఇస్తే ఆ ఉత్సాహం అదుపు తప్పి కొత్త ప్రమాదం వస్తుంది.

కెమెరాలో తేలనివి కూడా ఉన్నాయి. బీపీ, నాడి, బరువు దగ్గర్లోని క్లినిక్‌లో చూపించుకుని రాసి పంపాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి చనిపోయి ఉంటే అది తప్పక చెప్పాలి. ఈసీజీ తీయించమంటారేమో.

ఇంత పని పది నిమిషాల్లో అవ్వదు. కొన్నిసార్లు ఒక కాల్‌లో కూడా అవ్వదు.

[తెర మీద: ప్రిస్క్రిప్షన్ కాగితం రెండు కాపీలు.]

ఇక మందుల సంగతి. చాలామంది నిరాశపడేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా వినండి.

ఏడీహెచ్‌డీకి ప్రపంచమంతా ముందుగా వాడేది స్టిమ్యులెంట్లు, అంటే మెదడుని చురుకు చేసే మందులు. మన దేశంలో దొరికే స్టిమ్యులెంట్ మిథైల్‌ఫెనిడేట్. వేసుకున్న గంటలోపే పనిచేయడం మొదలవుతుంది. మామూలు మాత్ర నాలుగు గంటల దాకా, నెమ్మదిగా విడుదలయ్యే రకమైతే ఇంకా ఎక్కువసేపు. ఆకలి తగ్గొచ్చు, నిద్ర ఆలస్యం కావచ్చు, గుండె వేగం కాస్త పెరగొచ్చు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచుతారు.

ఈ మందు మన చట్టంలో షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న మందుల జాబితాలో ఉంది. 2020 మార్చి 25న కేంద్రం తెచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందుల్ని నిషేధిత జాబితాలో పెట్టాయి. అంటే డాక్టర్ ఎంత పెద్దవారైనా, మిమ్మల్ని ఎంత బాగా తెలిసినా, వీడియో కాల్‌లో ఇది రాయకూడదు. నేరుగా వెళ్లి చూపించుకోవాలి. ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు రాస్తారు, ఒకటి మందుల షాపువాళ్లు రెండేళ్లు దాచుకోవాలి. అమ్మడానికి వాళ్లకి వేరే లైసెన్స్ కావాలి. మీ వీధి చివరి షాపులో "లేదండీ" అనడానికి కారణం అదే.

వీడియోలో రాయగలిగేది అటోమాక్సెటిన్. ఇది స్టిమ్యులెంట్ కాదు. పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వారం వాడి "ఏం తేడా లేదు" అని మానేసేవాళ్లూ ఉంటారు. మొదట్లో వికారం, నోరు ఎండిపోవడం ఉండొచ్చు, అన్నం తిన్నాక వేసుకుంటే కొంత నయం. మనసు బాగా దిగజారినా, చావు ఆలోచనలు వచ్చినా ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మందు మొదలుపెట్టకముందే చెప్పాలి.

ఈ నిబంధన పాడేరు లాంటి చోట ఉన్న మనిషికి చాలా కష్టం. ఏడాదిగా ఒకే మోతాదు మీద నిలకడగా ఉన్నవాళ్లకి కూడా ప్రతిసారీ సైకియాట్రిస్ట్ ఉన్న ఊరికి ప్రయాణం తప్పదు. అలాంటివాళ్లకి సడలింపు ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను. అలాగని తలుపులు బార్లా తెరిస్తే ఏమవుతుందో అమెరికాలో చూశాం. కోవిడ్ సమయంలో అక్కడ వీడియో కాల్ మీదే స్టిమ్యులెంట్లు రాయడానికి అనుమతి ఇచ్చారు. డన్ అనే ఆన్‌లైన్ కంపెనీ ద్వారా 4 కోట్లకు పైగా మాత్రలు అక్రమంగా వెళ్లాయన్న ఆరోపణతో 2024 జూన్‌లో దాని వ్యవస్థాపకురాలిని అక్కడి ప్రభుత్వం అరెస్టు చేసింది. నిజంగా అవసరమైన రోగుల్ని అందరూ అనుమానంగా చూసేలా చేస్తాయి ఇలాంటి వ్యవహారాలు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

అన్నట్టు, అమెరికా నుంచి తిరిగి వచ్చేస్తున్న మనవాళ్లకి ఒక మాట. అక్కడ వాడే అడెరాల్ అనే స్టిమ్యులెంట్ ఇక్కడ అమ్మరు. ప్రయాణానికి చాలా ముందే అక్కడి డాక్టర్‌తో మాట్లాడి, ఇక్కడ దొరికే మందుకి మారే ఏర్పాటు చేసుకోండి.

[తెర మీద: వంటింటి గోడకి అంటించిన తెల్ల కాగితం. ఈ వారం పనులు మూడే మూడు.]

మందుతో పాటు సీబీటీ అనే కౌన్సెలింగ్ ఉంటుంది, ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పేది. అది పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. స్వాతి లాంటివాళ్లకి మొదట నేర్పేది చాలా చిన్నవి. జీతం పడిన రోజే బిల్లులు ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టుకోవడం. పని మొదలుపెట్టేటప్పుడు స్నేహితురాలు కాల్‌లో ఉండటం, ఇద్దరూ మాట్లాడకుండా ఎవరి పని వాళ్లు చేసుకోవడం. అమ్మ పక్కన కూర్చున్నప్పుడు హోంవర్క్ అయిపోయిన పద్ధతే ఇది.

ఇంట్లో చెప్పాలంటే భయం ఉంటుంది, తెలుసు. "పిచ్చి మందులా?" అంటారు, పెళ్లి సంబంధాలు గుర్తుచేస్తారు. ఎర్రగడ్డ పేరు ఎగతాళికి వాడి వాడి మనమే ఈ భయం పెంచాం. నిజానికి ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల నేరుగా చూపించుకోవడానికి మనకున్న దారులు. మీ వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. మీ అనుమతి లేకుండా మీ ఆఫీసుకి గానీ, కాబోయే అత్తవారికి గానీ డాక్టర్ చెప్పకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రైవేటు యాప్‌లో చూపించుకోవాలనుకుంటే డాక్టర్‌కి సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ, డీపీఎం అనే అర్హతల్లో ఏది ఉందో, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంతో చూడండి. కౌన్సెలర్, సైకాలజిస్ట్ మందు రాయకూడదు. ఫీజు కట్టేముందు ఈ ప్రశ్న అడగండి: "నాకు మిథైల్‌ఫెనిడేట్ అవసరమని తేలితే నేరుగా ఎక్కడికి రావాలండీ?" ఏ ఊరు, ఏ క్లినిక్, ఏ రోజుల్లో అని చెప్పగలిగినవాళ్ల దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. "ఏం ఫరవాలేదు, కాల్‌లోనే రాసిచ్చేస్తాం" అన్నవాళ్లకి ఫీజు కట్టకండి.