ఇన్‌సైడ్ ఔట్ అండ్ బ్యాక్ అగైన్ | పిల్లలకు ఎలా చదివి వినిపించాలి? | తెలుగు రివ్యూ

నమస్తే అండీ, తిరుపతి నుంచి పిల్లల పుస్తకాల రివ్యూ. ముందే చెప్తున్నా, ఈ కాపీ ఒక పుస్తకాల షాపువాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులు తీసుకోలేదు. థాన్హా లాయ్ రాసిన ఈ పుస్తకం 2011లో వచ్చింది. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తర వియత్నాం సేనల చేతికి పోతున్న రోజుల్లో ఓడెక్కి, గువాం దీవి, ఫ్లోరిడా మీదుగా అమెరికాలోని అలబామా చేరిన 'హా' అనే పదేళ్ళ పిల్ల కథ. రచయిత్రి కూడా ఆ ఏడే, ఆ వయసులోనే వియత్నాం వదిలారు.

ఈ వీడియో అసలు బొప్పాయి గురించే. హా విసిరిన గింజ ఇంటివెనక చెట్టవుతుంది. దేశం వదిలి వెళ్ళాలి, కాయ పండేదాకా ఆగే టైం లేదు, కోసేస్తారు. ఉప్పూకారం అద్దుకుంటే బాగుంటుందంటుంది అమ్మ. బడి గేటు దగ్గర తోతాపురి ముక్కలకు ఉప్పూకారం వేయించుకునే మన పిల్లలకు ఈ పేజీ విప్పి చెప్పక్కర్లేదు.

అలబామాలో వాళ్ళకు చదువు చెప్పే ఆవిడ చక్కెర పట్టించిన ఎండు బొప్పాయి ఇస్తుంది. హా చెత్తబుట్టలో పడేస్తుంది. అంత కోపమెందుకో తెలియాలంటే పిల్లల చేతిలో బేకరీ టూటీఫ్రూటీ నాలుగు పలుకులు పెట్టండి. అదీ పచ్చి బొప్పాయే, పాకంలో ఊరబెట్టి ఆరబెట్టింది. పక్కనే మాగిన పండు ముక్క ఒకటి. రెండూ తిన్నాక చదవండి. తర్వాత అమ్మ ఆ చక్కెర కడిగేసి, ముక్కలు వేడినీళ్ళలో నానబెడుతుంది. చెట్టు బొప్పాయి రుచి రాదు, కానీ తినబుద్ధవుతుంది. అబ్బా, ఎంత బాగా రాశారండీ!

విసుగు తెప్పించేది ఒక్కటే. కథంతా చిన్నచిన్న వచన కవితలు, తేదీ మాత్రం కవిత కింద వేశారు. వినే పిల్లలకు ఎప్పటి సంగతో చివరిదాకా తెలీదు. కాబట్టి తేదీ ముందు చెప్పి మొదలుపెట్టండి. ఇంకోటి, హా చెవికి ఇంగ్లీషు బుసకొట్టినట్టుంటుందని టీచరు పేరులో 'ఎస్'లు వరసగా పేర్చారు. తెలుగు మీడియం పిల్లలు అచ్చుతప్పనుకుని ఆగిపోతారు, ముందే చెప్పండి. వాళ్ళింటి కిటికీలోంచి లోపలికి ఇటుక విసిరే పేజీలున్నాయి, ఎనిమిదేళ్ళలోపు వద్దు.

రోజుకు ఐదారు కవితలు చాలు. కొనండి, ఆలోచించకండి. చదివాక "శరణార్థి అంటే ఎవరు?" అని మాత్రం పరీక్ష పెట్టొద్దు, ప్లీజ్. ఓడలో అన్న కోయ్ చచ్చిపోయిన కోడిపిల్లను వదలడు. హా తన బొమ్మను దానికి తోడుగా ఇస్తుంది, రెండూ కలిపి సముద్రంలో వదులుతారు. అక్కడ పుస్తకం మూసేసి, పిల్లలు వాళ్ళంతట వాళ్ళు మాట్లాడేదాకా ఊరికే కూర్చోండి.